మాట ముందు... బొమ్మ వెనక!

ఆలేరు చుట్టుపక్కల చేనేత ఇళ్లలో పుట్టిన పిల్లలకు ‘ఆసు’ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పట్నం పిల్లలకు చెప్పాలంటే మాత్రం బొమ్మ ఉండాల్సిందే. అర్ధచంద్రాకారంలో వరసగా పుల్లలు బిగించిన ఓ చట్రం, దానికి ఎదురుగా ఇంకో పుల్ల, ఆ రెంటి మధ్యా దారం పట్టుకుని అటూ ఇటూ తిరిగే ఆడమనిషి చెయ్యి... ఎంత వర్ణించినా వినేవాళ్ల కళ్లకు కట్టదు. అందుకే ఆలేరులో తొమ్మిదో తరగతి చదివే ఓ అమ్మాయి ఈ విషయం మీద పవర్‌పాయింట్‌లో స్లయిడ్లు తయారు చేసిందనుకోండి. నానమ్మ ఆసు పోస్తుంటే నాన్న సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీశాడు. ఇరవైనాలుగు ఫొటోలు, ఒక్కోదానికి అయిదు సెకన్లు. ఏ బొమ్మకు ఏ మాట చెప్పాలో కాగితం మీద రాసుకుని కంఠతా పట్టింది. మేనమామ ఇంట్లో ఉన్న కొత్త కంప్యూటర్‌లో వేసి చూస్తే చక్కగా నడిచింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు.

తీరా సైన్స్ ఫెయిర్ రోజున ఏమైంది? బడిలోని పాత కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టారు. ‘‘ఇది మా నానమ్మ చెయ్యి’’ అని పాప చెబుతోంది. తెరమీద ఇంకా ఆలేరు స్టేషన్ బోర్డే ఉంది. మూడు సెకన్లు ఆగి నానమ్మ చెయ్యి వచ్చింది. అప్పటికి పాప యంత్రం గురించి మాట్లాడుతోంది. యంత్రం బొమ్మ వచ్చేసరికి మాట చీర దగ్గరికి వెళ్లిపోయింది. వెనక బెంచీ మీద కూర్చున్న నానమ్మ ‘‘ఏందే బిడ్డా, నా బొమ్మ వస్తలేదు?’’ అని అడిగేసింది. హాలంతా నవ్వులు. మార్కులు వేసే మాస్టార్లు ‘తయారీ సరిగా లేదు’ అని రాసుకున్నారు. తయారీ బాగానే ఉంది. కానీ ఆ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?

నవ్వి వదిలేసే సంగతి కాదిది. ఆసు పోయడమంటే ఎంత చాకిరీయో బయటివాళ్లకు తెలియజెప్పడానికి ఆ బొమ్మే ఆధారం. ఒక్క చీరకు దారాన్ని ఆ పుల్లల చుట్టూ దాదాపు తొమ్మిది వేల సార్లు తిప్పాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. భుజం పట్టేసి, మోచెయ్యి లాగేసి బాధపడే తల్లిని చూడలేకే ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టారు. ఏడేళ్ల తంటాల తర్వాత 1999లో అది పనిచేసింది. తల్లి పేరు మీదే దానికి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ ‘మల్లేశం’ పేరుతో సినిమాగానూ వచ్చింది. ఇంత కథను కొద్ది నిమిషాల్లో చెప్పాలని నిలబడిన పిల్లకు బొమ్మ మూడు సెకన్లు ఆలస్యమైతే మొత్తం కథే తారుమారవుతుంది. చెయ్యి చూపించి యంత్రం అన్నట్టు, యంత్రం చూపించి చీర అన్నట్టు!

ఇలాంటప్పుడు అందరూ అనే మాట ఒకటుంది... ‘సాఫ్ట్‌వేర్ బాగా లేదు’. ఆ వెంటనే చేసే పని ఇంకోటుంది. ప్రతి స్లయిడ్‌కూ అయిదు సెకన్లు తీసేసి ఎనిమిది సెకన్లు పెట్టడం. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మింగినట్టే ఇది. ఎందుకంటే ఇక్కడ జబ్బులు రెండు. బొమ్మ ఆలస్యంగా రావడం ఒకటి, స్లయిడ్ మారే సమయం తప్పడం మరొకటి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మందులు మాత్రం వేరు.

ఏది ఏ జబ్బో తేల్చుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. స్లయిడ్ షో మెనూలోని ‘సెటప్ స్లయిడ్ షో’లోకి వెళ్లి, స్లయిడ్లు వాటంతట అవి మారకుండా ‘మాన్యువల్‌’ అని పెట్టాలి. ఇప్పుడు మౌస్‌తో ఒక్కొక్కటీ నొక్కుతూ చూడాలి. నొక్కిన తర్వాత కూడా బొమ్మ రావడానికి మూడు సెకన్లు పడితే తప్పు బొమ్మది, దాని బరువుది. నొక్కగానే టక్కున వస్తే బొమ్మ మంచిదే, తప్పు టైమింగ్‌ది. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. షో ఒకసారి పూర్తిగా నడిపి, ఫైలు మూయకుండా వెంటనే రెండోసారి నడపాలి. మొదటిసారి నత్తనడక నడిచి రెండోసారి పరుగెత్తితే చాలావరకు బరువే. మొదటిసారి విప్పిన బొమ్మలను కంప్యూటర్ తన జ్ఞాపకంలో పెట్టుకుంది కాబట్టే రెండోసారి తొందరగా చూపించింది.

ఈ ఆలస్యం కంప్యూటర్‌తో పుట్టిందనుకుంటే పొరపాటు. టూరింగ్ టాకీసుల రోజుల్లో సినిమాకు ముందు తెరమీద గాజు స్లయిడ్లు వేసేవారు. ఊళ్లోని బట్టల కొట్టు, కిరాణా కొట్టు ప్రకటనలు, ‘పొగ తాగరాదు’ అన్న హెచ్చరిక... ఆపరేటర్ ఒకటి తీసి ఇంకోటి తోసేలోపు తెర ఖాళీగా మెరిసేది. నేల టికెట్ వాళ్లు ఈలలు వేసేవారు. 1961లో కొడాక్ కంపెనీ తెచ్చిన క్యారసెల్ ప్రొజెక్టర్‌లో గుండ్రటి పళ్లెంలో 80 స్లయిడ్లు పట్టేవి. మీట నొక్కితే పాతది పైకి లేచి, పళ్లెం తిరిగి, కొత్తది కిందికి దిగేది. ఆ కాసేపూ తెర నల్లగా ఉండేది. ఉపన్యాసం చెప్పేవాళ్లు ఆ నల్లటి క్షణానికి అలవాటుపడి, ఆ సందులో మంచినీళ్లు తాగేవారు. కొడాక్ 2004లో స్లయిడ్ ప్రొజెక్టర్ల తయారీ ఆపేసింది. యంత్రం పోయింది కానీ ఎదురుచూపు మాత్రం వేరే రూపంలో మిగిలింది.

అసలు పవర్‌పాయింట్ పుట్టింది బొమ్మల కోసం కాదు. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ లాంటివాళ్లు ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో దీన్ని రాశారు. 1987లో మెకింటోష్ కంప్యూటర్ల కోసం మొదటి వెర్షన్ వచ్చింది. అది నలుపు-తెలుపులోనే ఉండేది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే ప్లాస్టిక్ షీట్లకు అక్షరాలు, గీతలు, పట్టికలు తయారు చేసుకోవడానికే దాన్ని వాడేవారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కోటీ నలభై లక్షల డాలర్లకు కొనేసింది. విండోస్‌కు 1990లో వచ్చింది. నాలుగు అక్షరాలు, రెండు గీతలు మోయడానికి కట్టిన బండిమీద ఇప్పుడు జనం బస్తాలకొద్దీ ఫొటోలు వేస్తున్నారన్నమాట.

బస్తా అన్నది ఊరికే అన్న మాట కాదు. లెక్క చూడండి. 12 మెగాపిక్సెళ్ల సెల్‌ఫోన్ ఫొటో అంటే 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు. మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఫోన్‌లో చూస్తే అది నాలుగైదు ఎంబీల జేపెగ్ ఫైలు. కానీ జేపెగ్ అంటే మడత పెట్టిన చీర లాంటిది. బీరువాలో ఉన్నంతసేపే అది చిన్నది. చూపించాలంటే విప్పాలి. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బైట్లు చొప్పున విప్పితే ఆ ఫొటో 36 ఎంబీలవుతుంది. ఇరవైనాలుగు ఫొటోలంటే 864 ఎంబీలు! ఒక జీబీయో రెండు జీబీలో ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ దీన్ని ఎక్కడ పరుచుకుంటుంది? ఒకటి విప్పి, చూపించి, మడిచి, ఇంకోటి విప్పుతుంది. ఆ విప్పే సమయమే ఆ మూడు సెకన్లు.

పోనీ, అంత బరువు మోసినందుకు తెరమీద అంత అందం కనిపిస్తుందా అంటే అదీ లేదు. చాలా బళ్లలో, ఫంక్షన్ హాళ్లలో కనిపించే పాతరకం ప్రొజెక్టర్ 1024 బై 768 చుక్కలది. అంటే ఎనిమిది లక్షల చుక్కలకు కూడా కాస్త తక్కువే. కోటీ ఇరవై లక్షల చుక్కలు ఇస్తే అది అందులో పదిహేనో వంతు మాత్రమే చూపించి, మిగతావన్నీ పారబోస్తుంది. ఫుల్ హెచ్‌డీ టీవీ అయినా ఇరవై లక్షల పైచిలుకే. అందులో ఆరో వంతు. పారబోసేదాని కోసం సభంతా ఎదురుచూడటం ఎందుకు?

చాలామంది ఇక్కడే మోసపోతారు. ‘ఫొటోను మౌస్‌తో చిన్నది చేశాం కదా’ అంటారు. స్లయిడ్‌లో ఫొటో మూల పట్టుకుని లోపలికి లాగితే కనిపించడం చిన్నగా కనిపిస్తుంది కానీ బరువు తగ్గదు. అగ్గిపెట్టెంత కనిపించినా ఆ కోటీ ఇరవై లక్షల చుక్కలూ లోపలే ఉంటాయి. పక్కనున్నవాళ్లను కత్తిరించి నానమ్మను మాత్రమే ఉంచినా అంతే, కత్తిరించిన ముక్కలు కూడా ఫైల్లోనే దాక్కుని ఉంటాయి.

బరువు దించే దారి పవర్‌పాయింట్‌లోనే ఉంది. ఏదో ఒక ఫొటోమీద నొక్కితే పైన పిక్చర్ ఫార్మాట్ అని వస్తుంది. అందులో ‘కంప్రెస్ పిక్చర్స్’ ఉంటుంది. ‘ఈ ఒక్క ఫొటోకే’ అన్నచోట ఉన్న టిక్కు తీసేయాలి. లేకపోతే ఇరవైనాలుగింట్లో ఒక్కటే సన్నబడుతుంది. ‘కత్తిరించిన భాగాలు తీసెయ్’ అన్నచోట టిక్కు పెట్టాలి. కింద పీపీఐ అని కొన్ని అంకెలు కనిపిస్తాయి. 150 చాలు. ఇప్పటి వెడల్పు స్లయిడ్ 13.33 అంగుళాలు కాబట్టి 150 చొప్పున రెండువేల చుక్కలు. హెచ్‌డీ టీవీకి కూడా సరిపోయి ఇంకాస్త మిగులుతుంది. అసలు ఫైలు పాడవకుండా ముందే ‘సేవ్ యాజ్’ కొట్టి, రెండో కాపీలోనే ఈ పని చేయాలి. ఒకసారి తగ్గించి దాచిన ఫొటో మళ్లీ పెరగదు.

ఇంతకంటే మంచి పద్ధతి, స్లయిడ్‌లో పెట్టకముందే ఫొటోను తగ్గించడం. ఒకటీ రెండూ అయితే విండోస్‌లోని పెయింట్‌లో తెరిచి ‘రీసైజ్’ నొక్కి వెడల్పు 1920 అని కొడితే సరి. పదులకొద్దీ ఉంటే ఇర్ఫాన్‌వ్యూ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. 1996 నుంచీ ఉన్నదే, ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. అందులో ‘బ్యాచ్’ పద్ధతిలో ఫోల్డర్ మొత్తం ఒకేసారి తగ్గించేయొచ్చు. నాలుగైదు ఎంబీల ఫొటో అర ఎంబీకి అటూ ఇటూ వస్తుంది. వంద ఎంబీలు దాటిన ఫైలు పది, పదిహేను ఎంబీల్లోకి దిగుతుంది. కాఫీ తాగినంత సేపట్లో అయిపోయే పని ఇది.

చేనేత చీరల ఫొటోల దగ్గర మాత్రం ఓ జాగ్రత్త కావాలి. ఇక్కత్ అందమంతా అంచుల్లోనే ఉంది. నేయకముందే దారానికి అక్కడక్కడా ముడులు కట్టి అద్దకం వేస్తారు కాబట్టి, ఒక రంగు ఇంకో రంగులోకి జారేచోట సన్నగా, ఈకలా మసకబారుతుంది. పీపీఐ మరీ 96కో అంతకంటే కిందికో దించితే ఆ ఈక కాస్తా మాయమై అచ్చు వేసిన బట్టలా కనిపిస్తుంది. నేతకూ అచ్చుకూ తేడా చూపించాలని నిలబడినవాళ్లకు అంతకంటే నష్టమేముంటుంది? చీర మొత్తాన్ని ఒక్క ఫొటోలో చూపించాలన్న ఆశ మానుకుని, కొంగులో జానెడు ముక్కను దగ్గరగా తీసి పెట్టడం మేలు. బరువూ తగ్గుతుంది, పనితనమూ కనిపిస్తుంది. ఆరున్నర గజాల చీరనంతా ఒకే స్లయిడ్‌లో ఇరికిస్తే కనిపించేది ఓ రంగు గుడ్డ అంతే.

డబ్బు పెట్టకుండా వచ్చే సాఫ్ట్‌వేర్ వాడే బళ్లూ ఉన్నాయి. లిబ్రె ఆఫీస్‌లోని ఇంప్రెస్ అలాంటిదే. అందులో టూల్స్ మెనూలో ‘మినిమైజ్ ప్రజెంటేషన్’ అని ఉంటుంది. అది అడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతూ పోతే బొమ్మల బరువు అదే తగ్గిస్తుంది. పాత ఓపెన్ ఆఫీస్‌లో ఇంకో తిరకాసు ఉంది. బొమ్మలు దాచుకోవడానికి అది మొత్తంగా 20 ఎంబీలు, ఒక్కో బొమ్మకు 5.2 ఎంబీలు మాత్రమే కేటాయించుకునేది. పెట్టె అంత చిన్నదైతే పెద్ద ఫొటో అందులో పట్టదు. పట్టకపోతే స్లయిడ్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచీ విప్పుకోవాల్సిందే. కంప్యూటర్‌లో ర్యామ్ దండిగా ఉన్నా లాభం లేకపోవడానికి కారణం ఈ రెండు అంకెలే. టూల్స్, ఆప్షన్స్, మెమరీ అన్నచోటికి వెళ్లి మొదటిదాన్ని 128కి, రెండోదాన్ని 20కి పెంచితే తేడా తెలుస్తుంది. లిబ్రె ఆఫీస్ కొత్త వెర్షన్లలో ఈ అవస్థ లేదు. అది తనే చూసుకుంటుంది.

బరువు కాకుండా ఆలస్యానికి ఇంకో రెండు మూడు కారణాలున్నాయి. పెన్‌డ్రైవ్‌లోంచే షో నడపడం అందులో మొదటిది. ఫైలును ముందు డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని అక్కణ్నుంచి తెరిస్తే సగం బాధ తప్పుతుంది. రెండోది, ఫొటోను ఫైల్లో కలిపేయకుండా ‘లింక్’ పెట్టడం. అప్పుడు ఇంటి కంప్యూటర్‌లో కనిపించిన ఫొటో హాల్లో కనిపించదు, దాని స్థానంలో ఎర్రటి ఇంటూ గుర్తు నిలబడుతుంది. ఇంకోటి అలంకారాలు. ఫొటోలకు నీడలు, మెత్తటి అంచులు, పేజీ తిప్పినట్టు, పరదా తీసినట్టు స్లయిడ్ మారడాలు... ఇవన్నీ కంప్యూటర్ అప్పటికప్పుడు గీసి చూపించాల్సినవి. పాత కంప్యూటర్ మీద వీటిని రుద్దడం ముసలి ఎద్దుకు గజ్జెలు కట్టి పరుగెత్తమనడమే. మామూలు ‘ఫేడ్’ ఒక్కటి చాలు. అదీ ఒక సెకనుకు మించకుండా.

ఇక రెండో జబ్బు, టైమింగ్. మౌస్ నొక్కితే బొమ్మ ఠక్కున వస్తోంది, కానీ స్లయిడ్లు వాటంతట అవి మారడం లేదు. లేదా ఇష్టమొచ్చినట్టు మారుతున్నాయి. ముందుగా చూడాల్సింది సెటప్ స్లయిడ్ షోలోనే. అక్కడ ‘యూజ్ టైమింగ్స్’ మీద గుర్తు లేకపోతే, ఒక్కో స్లయిడ్‌కు ఎంత ఓపిగ్గా సెకన్లు పెట్టినా అది పట్టించుకోదు. పరీక్ష కోసం ‘మాన్యువల్‌’ అని మార్చి, మళ్లీ మార్చడం మరిచిపోయినవాళ్లు తెల్లమొహం వేసేది ఇక్కడే.

తర్వాత ట్రాన్సిషన్స్‌లో ‘అడ్వాన్స్ స్లయిడ్’ అన్నచోట రెండు గడులుంటాయి. ‘ఆన్ మౌస్ క్లిక్’ ఒకటి, ‘ఆఫ్టర్’ అని సెకన్లు రాసేది ఒకటి. రెండింటికీ టిక్కు ఉంటే ఏది ముందు జరిగితే దానికే స్లయిడ్ మారుతుంది. అయిదు సెకన్లు కాకముందే ఎవరి మోచెయ్యో మౌస్‌కు తగిలితే తుర్రున ముందుకు వెళ్లిపోవడం ఇందువల్లే. మనిషి పక్కన లేకుండా నడవాల్సిన షో అయితే మొదటి టిక్కు తీసేయడం మంచిది. మనిషి నిలబడి మాట్లాడే షో అయితే రెండోది తీసేయాలి. ఆలేరు పాప చేసిన అసలు పొరపాటు ఇదే. నోటితో చెప్పేచోట గడియారాన్ని నమ్ముకుంది. మనిషి మాట ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. దగ్గొస్తుంది, మధ్యలో ఎవరో ప్రశ్న వేస్తారు, ఓ మాట మరిచిపోయి వెతుక్కోవాల్సి వస్తుంది. మాట్లాడేవాళ్ల చేతిలోనే మౌస్ ఉండాలి. లేదంటే పక్కన ఓ నేస్తాన్ని కూర్చోబెట్టి, కన్ను కలిపినప్పుడు నొక్కమనాలి.

స్లయిడ్‌లోపల ఎగిరొచ్చే అక్షరాలు, దొర్లుకొచ్చే బాణాలు పెట్టినవాళ్లకు ఇంకో చిక్కు. స్లయిడ్‌కు అయిదు సెకన్లు ఇచ్చి, అందులోని ఆటలు మొత్తం తొమ్మిది సెకన్లు పట్టేలా పెడితే, స్లయిడ్ అయిదు సెకన్లకు కదలదు. ఆటలు అయ్యేదాకా ఆగుతుంది. ‘అయిదు పెడితే తొమ్మిది ఎలా అయింది’ అని తల పట్టుకోనక్కర్లేదు. యానిమేషన్ పేన్ తెరిస్తే ఏది ఎంతసేపు పడుతుందో పట్టీల్లా కనిపిస్తుంది. వాటంతట అవే రావాల్సినవాటికి ‘ఆన్ క్లిక్’ అని ఉంటే ‘ఆఫ్టర్ ప్రీవియస్’ అని మార్చాలి. సగం ఆటలు తీసేస్తే ఇంకా మంచిది. వాటి కోసం ఎవరూ బెంగపెట్టుకోరు.

సెకన్లు ఊహించి రాసేకంటే ‘రిహార్స్ టైమింగ్స్’ వాడటం మేలు. అది నొక్కి, నిజంగా చెప్పినట్టే పైకి చదువుతూ స్లయిడ్లు మారుస్తూ పోతే ఏ స్లయిడ్ మీద ఎంతసేపు ఉన్నారో అదే రాసుకుంటుంది. మనసులో చదువుకుంటే లాభం లేదు. కళ్లు పరుగెత్తినంత వేగంగా నోరు పరుగెత్తదు. ఇంప్రెస్‌లోనూ ఇదే పేరుతో ఈ సౌకర్యం ఉంది. గడియారంతో మాట్లాడటమే ఆటగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. టోక్యోలో 2003లో మొదలైన ‘పెచకుచ’ సభల్లో ఒక్కొక్కరికీ ఇరవై స్లయిడ్లు, ఒక్కో స్లయిడ్‌కు ఇరవై సెకన్లు. స్లయిడ్లు వాటంతట అవే మారిపోతుంటాయి. మొత్తం 6 నిమిషాల 40 సెకన్లలో మాట ముగియాలి. ఇరవై సెకన్లు ఎంతసేపో గడియారం పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. అందులో నాలుగైదు వాక్యాలు చెప్పొచ్చు. అయిదు సెకన్లలో ఒక్క వాక్యం చెప్పడమే కష్టం. తొమ్మిదో తరగతి పిల్ల మాత్రం ఏం చేస్తుంది పాపం!

పెళ్లిళ్లు, రిటైర్మెంటు సన్మానాలు, పెద్దకర్మల దగ్గర వేసే షోలది వేరే కథ. అక్కడ మాటలుండవు, పాట ఉంటుంది. పాటకు తగ్గట్టు బొమ్మలు మారాలి. నాలుగు నిమిషాల పాటంటే 240 సెకన్లు. ఇంట్లోవాళ్లు అరవై ఫొటోలు తెచ్చిస్తారు. ఒక్కోదానికి నాలుగు సెకన్లు. మనుషుల్ని గుర్తుపట్టేలోపు వెళ్లిపోతుంది. ఎవరి ఫొటో తీసేసినా అలకలే కాబట్టి స్టూడియోవాళ్లు సెకన్లు తగ్గిస్తారు. తగ్గించాల్సింది ఫొటోలను. నలభై ఉంచితే ఆరేసి సెకన్లు వస్తాయి. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లు కళ్లద్దాలు సర్దుకుని, ‘వీడు మన సత్తిగాడు కదూ’ అని పక్కవాళ్లకు చూపించడానికి ఆ మాత్రం పడుతుంది. పోయినాయన ఫొటోల్లో చివరిదానికి ఇంకో నాలుగు సెకన్లు ఎక్కువిచ్చినా ఎవరూ విసుక్కోరు.

ఇలా పాటతో నడిచే షోను పవర్‌పాయింట్‌గానే హాలుకు తీసుకెళ్లడం తెలివైన పని కాదు. ఇంట్లో పాట చరణానికి సరిగ్గా కుదిరిన ఫొటో హాల్లోని కంప్యూటర్‌లో రెండు సెకన్లు వెనకబడితే, ఆ వెనుకబాటు ఫొటో ఫొటోకూ పెరిగి, పాట అయిపోయాక కూడా తెరమీద ఫొటోలు మూగగా తిరుగుతుంటాయి. దానికి విరుగుడు వీడియో. పవర్‌పాయింట్ 2010 నుంచీ ‘క్రియేట్ ఎ వీడియో’ అన్న సౌకర్యం ఉంది. 2013 వెర్షన్ నుంచీ ఎంపీ4 కూడా చేస్తుంది. పెట్టిన సెకన్లు, పాట, ఫేడ్‌లు అన్నీ అందులో గడ్డకట్టుకుపోతాయి. పెద్ద ఫొటోలు విప్పే పనంతా తయారుచేసేటప్పుడే అయిపోతుంది కాబట్టి హాల్లో చూపించేటప్పుడు ఎదురుచూపు ఉండదు. పైగా కంప్యూటర్ లేకపోయినా పెన్‌డ్రైవ్ పెట్టి చాలా టీవీల్లో చూపించొచ్చు. వీడియో తయారవడానికి పాత కంప్యూటర్‌లో బాగా సమయం పడుతుంది. ముందురోజు రాత్రి పెట్టేసి పడుకోవాలి తప్ప, పొద్దున పెళ్లివారు భోజనాలకు లేచాక మొదలుపెట్టకూడదు.

మాట్లాడుతూ చూపించే షోకు మాత్రం ఈ వీడియో కిటుకు పనికిరాదు. అక్కడ బరువు దించుకోవడం, మౌస్ చేతిలో పెట్టుకోవడం, అంతే. కార్యక్రమం జరిగే హాల్లో, అదే కంప్యూటర్‌లో, అదే ప్రొజెక్టర్‌కు తగిలించి ఒకసారి మొదటి స్లయిడ్ నుంచి ఆఖరిదాకా నడిపి చూడాలి. మేనమామ ఇంట్లో నడిచింది కదా అంటే చెల్లదు. ఆ నడిపిన ఫైలును మూయకుండా అలాగే ఉంచి, జనం వచ్చాక మళ్లీ మొదటి స్లయిడ్ నుంచి మొదలుపెట్టాలి. మధ్యలో కరెంటు పోయి కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయాల్సి వస్తే, జనం ముందు వేసే ముందు వేగంగా ఇంకోసారి అన్ని స్లయిడ్లూ నొక్కుకుంటూ పోవాలి. ఇరవైనాలుగు స్లయిడ్లకు ఒక నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం ప్రొజెక్టర్ కేబుల్ తీసేసి ఉంచితే హాల్లోవాళ్లకు ఏమీ కనిపించదు.